ఆగిపోయిన మెషిన్ షాక్ కొట్టింది: ఒక కేస్ స్టడీ

వాహనాలు కడిగే మెషిన్ పట్టుకుని ఒక కుర్రాడు కుప్పకూలాడు. ఆ ప్రమాదం జరిగిన మూడో రోజు నేను ఆ షెడ్‌కి వెళ్లాను. అప్పటికే అక్కడ అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. మెషిన్ బాగానే ఉంది, వైరింగ్ బాగానే ఉంది, కుర్రాడికే గుండె జబ్బేదో ముందు నుంచీ ఉండి ఉంటుంది. అలా అనుకోవడానికి వాళ్లకి కారణం కూడా దొరికింది. ప్రమాదం జరిగిన గంటకి ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆన్ చేస్తే మెషిన్ ఎప్పటిలాగే తిరిగింది. దాని బాడీ మీద టెస్టర్ పెడితే వెలగలేదు. కరెంట్ హద్దు మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్, ఎంసీబీ కూడా పడలేదు.

"షాకే అయితే ఎంసీబీ పడాలి కదండీ" అన్నాడు యజమాని. నేను వెళ్లిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు.

విద్యుత్ ప్రమాదాలకు కారణం వెతకడం నా వృత్తి. ఈ కేసులో మనిషి బతికాడు, కెమెరా రికార్డు ఉంది, అతని అనుమతితో ఆస్పత్రి కాగితాలు చూసే వీలు కలిగింది. మూడూ ఒకే కేసులో దొరకడం అరుదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మనుషుల్ని, చోటుని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆ ఏడు సెకన్లు

అది వాహనాలు కడిగే షెడ్. మెయిన్ బిల్డింగ్ నుంచి 40 మీటర్ల కేబుల్ లాగి దానికి సప్లై ఇచ్చారు. పైన రేకులు, కింద సిమెంటు నేల. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇనుప ట్రాలీ మీద బిగించిన ప్రెషర్ వాషర్ ఒకటి, రెండు కిలోవాట్ల మోటారు, 230 వోల్టుల సింగిల్ ఫేజ్. పనివాళ్లకి రబ్బరు బూట్లు ఇచ్చారు. ప్రమాదానికి గురైన యువకుడి బూట్లు ఆ రోజు లోపలికంటా తడిసిపోవడంతో బయట ఆరబెట్టి ఉత్త కాళ్లతో పని చేస్తున్నాడు.

కెమెరాలో శబ్దం లేదు. బొమ్మ మాత్రం స్పష్టంగా ఉంది. నీళ్ల ధార సన్నబడి ఆగిపోతుంది. అతను గన్ రెండుసార్లు నొక్కి చూస్తాడు. మెషిన్ వైపు తిరిగి, గన్ కింద పెట్టి, నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి కుడి చేత్తో ట్రాలీ హ్యాండిల్ పట్టుకుంటాడు. అంతే, అక్కడి నుంచి కదలడు.

మొదటిసారి చూసినప్పుడు అతను మెషిన్‌ని లాగుతున్నాడేమో అనిపిస్తుంది. పక్కనున్న వాళ్లకీ అలాగే అనిపించిందట. మోచెయ్యి వంగి ఉంది, భుజం బిగుసుకుంది, మెడ పక్కకి తిరిగింది. కేక వేసిన దాఖలా లేదు. కరెంట్ ఛాతీ గుండా పోతుంటే ఊపిరి తీసే కండరాలు కూడా బిగుసుకుపోతాయి, గొంతులోంచి మాట రాదు. షాక్ తగిలిన మనిషి అరుస్తాడనీ గిలగిల్లాడతాడనీ అనుకుంటాం. చెయ్యి అంటుకుపోయిన మనిషి చాలాసార్లు చప్పుడు చెయ్యకుండా నిలబడే ఉంటాడు.

నాలుగో సెకనులో ఒకతను అనుమానం వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ వెంటనే వెనక్కి విసిరికొట్టినట్టు పడ్డాడు. మూడో అతను గోడ దగ్గరికి పరిగెత్తి షెడ్ మెయిన్ దించేశాడు. హ్యాండిల్ పట్టుకున్నప్పటి నుంచి మెయిన్ దించే దాకా సరిగ్గా ఏడు సెకన్లు. కరెంట్ పోగానే పట్టుకున్న చెయ్యి వదులై అతను నేల మీద కుప్పకూలాడు.

ఆఫీసులో పనిచేసే ఒకామెకి సీపీఆర్ శిక్షణ ఉంది. పడిపోయిన నిమిషం లోపే ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. అలిసిపోతే ఇంకొకరు అందుకున్నారు. ఎనిమిది నిమిషాలకి డీఫిబ్రిలేటర్‌తో, అంటే షాక్ ఇచ్చి గుండె లయని సరిచేసే పరికరంతో, అంబులెన్స్ వచ్చింది. ఆ పరికరం తెర మీద కనిపించింది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. అంటే గుండె ఆగలేదు, కొట్టుకోవడమూ లేదు. కింది గదుల కండరం ఏ పోగుకి ఆ పోగు విడివిడిగా అదురుతూ, రక్తాన్ని తోయలేని స్థితి. రెండో షాక్‌కి లయ తిరిగొచ్చింది. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని అత్యవసర వైద్యులు లెక్కగడతారు. ఎనిమిది నిమిషాలంటే ఏ మాత్రం మిగిలేదో మీరే చూసుకోండి. నా మట్టుకు ఈ కేసులో అతన్ని బతికించింది ఆ ఆఫీసు ఉద్యోగిని చేతులు.

ఆస్పత్రి కాగితాలు

గుండె జబ్బు వాదన కాగితాల దగ్గరే వీగిపోయింది. గుండె స్కాన్‌లో నిర్మాణ లోపం ఏదీ లేదు. లయ కుదుటపడ్డాక తీసిన ఈసీజీలో పాత జబ్బు ఆనవాళ్లు లేవు. కుడి అరచేతిలో, వేళ్ల మొదళ్ల దగ్గర, నాణెమంత బూడిద రంగు మచ్చలు రెండు ఉన్నాయి. మధ్యలో గుంట, అంచు గట్టిగా ఉబ్బి ఉంది, ముట్టుకుంటే నొప్పి తెలియదు. కరెంట్ లోపలికి వెళ్లిన చోట కాలిన గాయం ఇలాగే ఉంటుంది. గుండె జబ్బుతో పడిపోయిన మనిషికి అరచెయ్యి ఎందుకు కాలుతుంది?

పాదాల్లో మాత్రం కాస్త ఎర్రబారడం తప్ప ఏమీ లేదు. ఇది చూసి "మరి కరెంట్ బయటికి ఎక్కడి నుంచి పోయింది" అని అడిగినవాళ్లున్నారు. చేతిలోంచి వెళ్లిన కరెంటే పాదాల్లోంచీ వెళ్లింది. అరచేతిలో అది హ్యాండిల్ అంచు తగిలిన కొద్ది మేర చర్మం గుండా దూరింది. పాదాల దగ్గర రెండు తడి అరికాళ్లంత వెడల్పున పరుచుకుంది. ఒక్కో చదరపు సెంటీమీటరుకి వచ్చిన వాటా తగ్గితే వేడీ తగ్గుతుంది. బాత్‌రూమ్‌లో, నీళ్లలో తగిలే షాకుల్లో ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేకుండా మనిషి పోవడానికి కారణం ఇదే. మచ్చ లేదు కాబట్టి షాక్ కాదు అని తీర్మానించిన రిపోర్టులు నేను చూశాను.

వైద్యులు ఇంకో రెండు విషయాలు గమనిస్తూ వచ్చారు. ఒకటి మూత్రం రంగు. కండరాలు కరెంట్‌కి దెబ్బతింటే వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీల్ని పాడు చేస్తుంది, మూత్రం ముదురు గోధుమ రంగుకి మారుతుంది. వెయ్యి వోల్టులు దాటిన లైన్ల ప్రమాదాల్లో ఈ భయం చాలా ఎక్కువ. అక్కడ చర్మం మీద చిన్న గాయమే కనిపిస్తుంది, లోపల ఎముక పక్కన కండరం ఉడికిపోయి ఉంటుంది. ఇతనికి రక్తంలో కండరాల ఎంజైము కొంత పెరిగింది గానీ సెలైన్లతో సర్దుకుంది. రెండోది కుడి భుజం. షాక్‌లో కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటే భుజం కీలు వెనక్కి జారుతుంది. మామూలు ఎక్స్‌రేలో అది తప్పిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రత్యేకంగా చూశారు. జారలేదు. పదో రోజు ఇంటికి పంపారు. ఆ పొద్దున జరిగిందేదీ అతనికి గుర్తు లేదు.

మోటారు నిర్దోషి

షెడ్‌లో మొదట మోటారునే పట్టుకున్నాను. అందరి అనుమానమూ దాని మీదే, నాదీ అంతే. ప్లగ్ పీకి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కీ బాడీకీ మధ్య కొలిస్తే 200 మెగా ఓమ్‌లు దాటింది, అంటే లీకేజీ లేనట్టే. నీళ్లు చల్లి మళ్లీ కొలిచాను. పెద్ద తేడా లేదు. ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి ట్రాలీ దాకా 0.1 ఓమ్. కార్డు లోపలి ఎర్త్ వైరు ఎక్కడా తెగలేదు, కనెక్షన్లు గట్టిగా ఉన్నాయి.

అలా చూస్తే ఈ మెషిన్ షాక్ కొట్టడానికి వీల్లేదు.

సాకెట్‌లో మూడు లైట్ల టెస్టర్ ప్లగ్ పెట్టాను. ఫేజ్ (కరెంట్ వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు), ఎర్త్ (నేలకి కలిపే వైరు) అన్నీ సరిగ్గా ఉన్నట్టు చూపించింది. ఆ రోజు అక్కడే ఆపేసి ఉంటే నేనూ "లోపం కనబడలేదు" అని రాసి వచ్చేసేవాణ్ణి. సామాన్లు సర్దుకుంటూ యథాలాపంగా పైకి చూశాను. మెయిన్ బిల్డింగ్ నుంచి వచ్చే కేబుల్ షెడ్ బోర్డులోకి దిగే చోట దాని తొడుగు చివర కొంచెం ఊడి ఉంది. లోపల రెండే వైర్లు కనిపించాయి.

బోర్డులోకి రెండు వైర్లు వెళ్తుంటే సాకెట్ మూడు చూపిస్తోంది. మూడోది ఎక్కడి నుంచి వచ్చింది?

సప్లై తీయించి సాకెట్ విప్పాను. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి జానెడు కూడా లేని చిన్న వైరు ముక్క, చక్కగా బిగించి ఉంది. ఎర్త్ లేని సాకెట్‌కి న్యూట్రల్‌నే ఎర్త్‌గా లింకు కొట్టేశారు.

ఈ లింకు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని వేసేవాళ్లు చెడ్డ పని చేస్తున్నామనుకోరు. న్యూట్రల్ ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అన్నది వాళ్ల లెక్క. న్యూట్రల్ బాగున్నంత కాలం ఆ లెక్క తప్పు పోదు. మెషిన్ నడుస్తుండగా బాడీకీ నేలకీ మధ్య నేను కొలిస్తే 3 వోల్టులే వచ్చాయి. టెస్టర్ వెలగదు, షాక్ ఉండదు, మూడు లైట్ల ప్లగ్ కూడా మోసపోతుంది. దానికి న్యూట్రల్ నుంచి వచ్చిన ఎర్త్‌కీ అసలు ఎర్త్‌కీ తేడా తెలియదు. చిక్కంతా న్యూట్రల్ తెగిన క్షణంలో ఉంది.

షెడ్ బోర్డు చెక్క వెనకాల ఆ న్యూట్రల్ జాయింట్ దొరికింది. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు నల్లగా మాడి, చేత్తో తాకితే పొడిలా రాలింది. లూజ్ జాయింట్‌లో రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో వేడి, వేడికి పైన ఆక్సైడ్ పొర, ఆ పొర వల్ల ఇంకాస్త రెసిస్టెన్స్. మీటరు తగిలించి చెక్క మీద వేలి కణుపుతో తట్టాను. ఒకసారి 0.2 ఓమ్ చూపించింది, ఇంకోసారి తట్టితే పూర్తిగా తెగిపోయినట్టు చూపించింది. ప్రమాదం తర్వాత మెషిన్ ఎందుకు శుభ్రంగా తిరిగిందో అప్పుడు అర్థమైంది. ఆ కంగారులో మెయిన్ స్విచ్ టపామని దించి, తర్వాత మళ్లీ ఎత్తిన కుదుపుకి జాయింట్ తిరిగి అతుక్కుంది. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి తప్పు తనంతట తానే దాక్కుంది.

ఇప్పుడు కెమెరా బొమ్మ మళ్లీ చూడండి. నడుస్తున్న మెషిన్ ఎందుకు ఆగింది? న్యూట్రల్ తెగింది కాబట్టి. ఫేజ్ మాత్రం మోటారు దాకా వస్తూనే ఉంది. వైండింగ్ గుండా దాటి సాకెట్ న్యూట్రల్ స్క్రూకి చేరింది, అక్కడి నుంచి వెనక్కి వెళ్లే దారి లేదు. పక్కనే లింకు ఉంది. లింకు మీదుగా ఎర్త్ పిన్, ఎర్త్ వైరు, ట్రాలీ. నేను 0.1 ఓమ్ అని మెచ్చుకున్న ఆ ఎర్త్ వైరే ఫేజ్‌ని హ్యాండిల్ దాకా తెచ్చింది. షాక్ మెషిన్ నడుస్తున్నప్పుడు లేదు, ఆగాక వచ్చింది. ఆగిన మెషిన్ దగ్గరికి మనిషి నిర్భయంగా వెళ్తాడు. కరెంట్ పోయిందనుకుంటాడు.

వెయ్యి ఓమ్‌ల మనిషి

అనుమానం రాస్తే సరిపోదు, కొలిచి చూపించాలి. నా సామాన్లలో వెయ్యి ఓమ్‌ల, 100 వాట్ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. మనిషికి బదులు దాన్నే వాడతాను. (కొలిచే పద్ధతి, రక్షణ ఏర్పాట్లు తెలిసినవాళ్లు తప్ప ఈ ప్రయోగం ఎవరూ చేయకూడదు.)

ఎందుకు వెయ్యి? మనిషి శరీరానికి ఒక స్థిరమైన రెసిస్టెన్స్ ఉండదు. పొడి చర్మం కొద్దిపాటి వోల్టేజీని గట్టిగానే ఆపుతుంది. కానీ 200 వోల్టులు దాటేసరికి చర్మం పై పొర నిలవలేదు, లోపలి శరీరమే మిగులుతుంది. లోపలంతా ఉప్పునీళ్ల లాంటి ద్రవమే. 230 వోల్టుల దగ్గర ఒక చేతి నుంచి ఇంకో చేతికో, పాదాలకో చూస్తే ఎక్కువ మందికి వెయ్యి ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. కొందరికి ఇంకా తక్కువ.

న్యూట్రల్ జాయింట్ విప్పి, ఫేజ్ ఇచ్చి, ట్రాలీకీ నేలలో దిగేసిన చువ్వకీ మధ్య కొలిస్తే 228 వోల్టులు. తర్వాత ట్రాలీ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఒక లోహపు పలక. పలక కింద తడి గుడ్డ, పైన బరువు. అతను నిలబడ్డ చోటే నేల మీద పెట్టాను. మీటరు 170 మిల్లీ ఆంపియర్లు చూపించింది. మోటారు ఉలకలేదు. అది తిరగాలంటే 9 ఆంపియర్లు కావాలి, ఇక్కడ దాని గుండా పోతున్నది 0.17. వైండింగ్ రెసిస్టెన్స్ కొన్ని ఓమ్‌లే కాబట్టి ఉన్న వోల్టేజీ దాదాపు అంతా "మనిషి"కీ, అతని కాళ్ల కింది నేలకీ పంచుకోబడింది. ఎంసీబీ సంగతి చెప్పనక్కర్లేదు. పక్కన నిలబడి చూస్తున్న యజమాని దానివైపే చూస్తున్నాడు, ఎప్పుడు పడుతుందా అని.

అది 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ. 18 ఆంపియర్లు గంటసేపు పోయినా అది పడాలన్న రూలు లేదు. వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల దాకా రావాలి. వైరు మాడకుండా, ఇల్లు అంటుకోకుండా చూడ్డం దాని పని. ఆ వైరు గుండా పోతున్న 0.17 ఆంపియర్లు ఒక మనిషి ఒంట్లోంచి పోతున్నాయా, చిన్న బల్బులోంచి పోతున్నాయా అన్నది దానికి తెలిసే మార్గమే లేదు.

170 మిల్లీ ఆంపియర్లు ఒంటికి ఎంత? అమెరికాలోని బర్కిలీలో ఛార్లెస్ డాల్జీల్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ వాలంటీర్ల చేతికి రాగి తీగ ఇచ్చి, కరెంట్ కొంచెం కొంచెంగా పెంచుతూ ఎక్కడిదాకా వాళ్లంతట వాళ్లు వదలగలరో కొలిచాడు. 134 మంది మగవాళ్లు, 28 మంది ఆడవాళ్లు. మగవాళ్ల సగటు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లది 10.5. అది దాటితే వదలాలన్నా వదల్లేరు, ముంజేతిలో వేళ్లు ముడిచే కండరాలు తెరిచే కండరాల కన్నా బలమైనవి కాబట్టి. మన కుర్రాడు పట్టుకున్నది హ్యాండిల్, అదీ పిడికిలి బిగించి. ఆ హద్దుకి పది రెట్లు పోతోంది. అతన్ని ముట్టుకున్న స్నేహితుడు మాత్రం ఎందుకు విడిపడ్డాడు? అతను తెరిచిన అరచేత్తో తాకాడు, పట్టుకోలేదు. ఎడమ చెయ్యి ఇనుప స్తంభానికి ఆని ఉండటంతో రెండు చేతుల మధ్యా కరెంట్ పాకింది, కండరాలు ముడుచుకుని చెయ్యి జారిపోయింది. కాళ్లకి బూట్లున్నాయి గానీ ఆ స్తంభం వల్ల అవి పెద్దగా పనికిరాలేదు.

గుండె విషయానికొస్తే లెక్క కొంచెం వేరు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) వారి 60479 ప్రమాణంలో కరెంట్ ఎంత, ఎంతసేపు అన్న రెండింటినీ కలిపి గీతలు గీశారు. ఆ గీతలు ఎడమ చేతి నుంచి పాదాలకి పోయే దారికి గీసినవి. కుడి చేతి నుంచి పాదాలకైతే గుండె మీద ప్రభావం దానికి 0.8 వంతు, చేతి నుంచి చేతికైతే 0.4 వంతు. ఇతనికి 170లో 0.8 వంతు వేసుకుంటే 136 అవుతుంది. కొన్ని సెకన్ల పాటు పోయే కరెంట్‌కి ఫిబ్రిలేషన్ ప్రమాదం 40 మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. అదే కరెంట్ సెకనులో కొన్ని వందో వంతులే పోతే ఆ హద్దు కొన్ని వందల మిల్లీ ఆంపియర్లకి పెరుగుతుంది. గుండె ప్రతి కొట్టుకీ మధ్య కండరం తిరిగి సర్దుకునే కొద్దిపాటి వ్యవధి ఉంటుంది, ఈసీజీలో టీ తరంగం వచ్చే చోటు. అప్పుడు తగిలిన కరెంటే లయని చెదరగొడుతుంది. ఏడు సెకన్లలో గుండె ఏడెనిమిదిసార్లైనా ఆ చోటు దాటుతుంది.

ఇంకో లెక్క నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. రెసిస్టర్‌లో వేడిగా ఖర్చయింది 29 వాట్లు. ఏడు సెకన్లకి 200 జౌళ్లు. అంబులెన్స్‌లో డీఫిబ్రిలేటర్ ఒక్కో షాక్‌కి ఇచ్చే శక్తి కూడా సాధారణంగా 120 నుంచి 200 జౌళ్ల మధ్యే. కాకపోతే అది కొన్ని మిల్లీ సెకన్లలో ఇచ్చేసి తప్పుకుంటుంది.

మూడు రిపేర్లు

యజమానినీ పనివాళ్లనీ విడివిడిగా కూర్చోబెట్టి వెనక్కి వెళ్లాం. తేదీల మీద వాదులాడుకున్నారు గానీ కథ ఒకటే.

షెడ్ కట్టినప్పుడు చేతిలో ఉన్న రెండు కోర్ల కేబుల్ లాగారు. లైట్లకే అనుకున్నారు. తర్వాత వాషర్ కొన్నారు. కొన్న వారంలోనే ట్రాలీ ముట్టుకుంటే జివ్వుమంటోందని పనివాళ్లు చెప్పారు. ఇది మోటారు లీకేజీ కాదు. ఇలాంటి చాలా మెషిన్లలో నాయిస్ ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే అతి కొద్ది కరెంట్ నేలలోకి పోతుంది, ఎర్త్ లేకపోతే ముట్టుకున్నవాడి వేలిలోంచి పోతుంది. అర మిల్లీ ఆంపియర్ దగ్గర మనిషికి స్పర్శ తెలుస్తుంది కాబట్టి జివ్వుమంటుంది. దానివల్ల హాని లేదు. అది చెప్పే మాట ఒక్కటే, ఎర్త్ లేదని. ఎలక్ట్రీషియన్ వచ్చాడు, లింకు వేశాడు, జివ్వుమనడం పోయింది. అందరూ సంతోషించారు.

రెండోది ఆర్‌సీసీబీ, కరెంట్ లీకైతే సప్లై కోసేసే స్విచ్. మెయిన్ బిల్డింగ్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ నిక్షేపంగా ఉంది, లివర్ పైకే ఉంది. వెనక చూస్తే దానికి వైర్లే లేవు. వానాకాలం మాటిమాటికీ ట్రిప్ అవుతోందని వైర్లు తప్పించి డైరెక్టుగా కలిపేశారు. ట్రిప్ అవడానికి కారణం నాకు పావుగంటలో దొరికింది. బయటి గోడ మీద లైటు బాక్సు మూత పగిలి లోపల నీళ్లు నిలిచాయి. ఆర్‌సీసీబీని విప్పి పరీక్షించాను. 23 మిల్లీ ఆంపియర్లకి పడింది. 150 ఇస్తే 19 మిల్లీ సెకన్లలో పడింది. అది ఎంసీబీలా కాదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానమా కాదా అని చూస్తుంది. మనిషి గుండా నేలలోకి పోయింది న్యూట్రల్‌లో తిరిగి రాదు కాబట్టి పడుతుంది. వైర్లు ఉండి ఉంటే ఆ రోజు కూడా అతనికి 170 మిల్లీ ఆంపియర్లే తగిలేవి. ఆర్‌సీసీబీ షాక్‌ని తగ్గించదు, వ్యవధిని కోసేస్తుంది. ఏడు సెకన్ల బదులు ఒక గుండె కొట్టుకి పదో వంతు కూడా ఉండేది కాదు. చెయ్యి చుర్రుమని తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవాడు.

మూడోది ప్రమాదానికి పది రోజుల ముందు. మెషిన్ ఉన్నట్టుండి ఆగుతోంది, మళ్లీ దానంతటదే తిరుగుతోంది. మెకానిక్ వచ్చి మోటారు కెపాసిటర్ మార్చాడు. ఆ పది రోజుల్లో ఒకసారి ఆగిన మెషిన్ ముట్టుకుంటే "చెంప మీద కొట్టినట్టు" అనిపించిందని ఒకతను నాకు చెప్పాడు. బూట్లు వేసుకుని ఉన్నాడు, పైగా వేళ్లతో తట్టాడంతే. ఎవరికైనా చెప్పావా అంటే, చెప్పాను, అయ్యాక చూస్తే ఏమీ లేదన్నారు అన్నాడు. తట్టినప్పుడల్లా అతుక్కునే జాయింట్ అది, నిజంగానే ఏమీ ఉండదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచను. లింకు వేసినతని మీద అందరికీ కోపం వచ్చింది, నాకూ వచ్చింది. కానీ ఆర్‌సీసీబీ తప్పించడం అంతకన్నా పెద్ద తప్పని అనుకుంటున్నాను. ఎర్త్ గురించి తెలియక లింకు వేశారు. ఆర్‌సీసీబీ మాత్రం ఎక్కడో లీకేజీ ఉందని వానపడ్డప్పుడల్లా చెప్తూనే ఉంది. విని విని విసిగి తీసేశారు.

మార్చినవి

లింకు తీసి, మూడు కోర్ల కేబుల్ లాగించాం. సాకెట్ దగ్గర ఎర్త్ లూప్ ఇంపెడెన్స్ (ఫేజ్‌లో వచ్చి ఎర్త్ మీదుగా తిరిగి వెళ్లే దారి మొత్తంలో ఉండే అడ్డు) 0.6 ఓమ్ వచ్చింది. అంటే ఫేజ్ బాడీకి తగిలితే 380 ఆంపియర్ల పైన పోతాయి, ఎంసీబీ తక్షణం పడుతుంది. షెడ్‌కి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, జాయింట్ బదులు స్క్రూ టెర్మినళ్లున్న బాక్సు, నీళ్లు చొరని సాకెట్. లైటు బాక్సు మార్చాక మెయిన్ ఆర్‌సీసీబీకి వైర్లు కలిపాం. తర్వాతి వానకి అది పడలేదు.

కేబుల్ ఎందుకు, షెడ్ పక్కనే ఒక ఎర్త్ రాడ్ దించితే పోదా అని యజమాని అడిగాడు. మంచి ప్రశ్నే. రాడ్ రెసిస్టెన్స్ 40 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. ఫేజ్ బాడీకి తగిలితే 230ని 40తో భాగించండి, ఆరు ఆంపియర్లు కూడా రావు. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, బాడీ మీద వోల్టేజీ అలాగే కూర్చుంటుంది. రాడ్ మీద ఆధారపడే చోట ఆర్‌సీసీబీ లేకపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. ఆర్‌సీసీబీకి కూడా తెలియని షాక్ ఒకటుంది. పొడి బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లిందంతా తిరిగొస్తుంది, అది మనిషిని బల్బు కిందే లెక్కేస్తుంది.

పనివాళ్లకి చెప్పింది కొద్దిగానే. అంటుకుపోయిన మనిషిని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ దించండి. మెయిన్ ఎక్కడుందో ప్రతివాడికీ తెలియాలి. పడిపోయి ఊపిరి మామూలుగా లేకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కండి. స్తంభాల మీది పెద్ద లైన్లైతే ఈ ధైర్యం పనికిరాదు, దూరంగా ఉండి సప్లై తీయించాలి.

నెల తర్వాత ఆ యువకుడు షెడ్‌కి వచ్చాడని తెలిసి నేనూ వెళ్లాను. కుడి బొటనవేలు ఇంకా సరిగ్గా ముడవలేకపోతున్నాడు. కెమెరా రికార్డు చూస్తానన్నాడు, చూపించాం. రెండుసార్లు చూసి, "మెషిన్ ఆగిపోయింది కదా సార్, మరి కరెంట్ ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నాడు. కాగితం తీసి బొమ్మ గీశాను. లింకు వేసిన ఎలక్ట్రీషియన్ కూడా అక్కడే ఉన్నాడు, ఏమీ మాట్లాడకుండా ఆ బొమ్మ ఫోటో తీసుకున్నాడు.

రెండు వారాలకి అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. తాను ఇన్నేళ్లలో వేసిన లింకులు గుర్తు తెచ్చుకుని ఒక్కో చోటికీ వెళ్లి విప్పుతున్నాడట, అప్పటికి తొమ్మిది అయ్యాయట. "ఇంకో రెండు వేసినట్టు గుర్తుంది సార్" అన్నాడు. "ఎక్కడో గుర్తు రావట్లేదు."